ఆడితే నేరమన్న ఊళ్లో

మదీనా చౌరస్తా దాటి మూసీ ఒడ్డుకు వస్తే ఎర్రరాతి గోడలతో, గుమ్మటాలతో హైకోర్టు కనిపిస్తుంది. ఆ భవనం కట్టడం 1919లో పూర్తయింది. 1920 ఏప్రిల్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ప్రారంభించారు. కోర్టు కట్టడం పూర్తయిన 1919లోనే నిజాం సర్కారు ఒక చిన్న చట్టం కూడా చేసింది. పాత లెక్కలో అది 1329 ఫస్లీ. చట్టం పేరు యూనక్స్ యాక్టు. మనం హిజ్రాలని పిలిచే మనుషుల కోసం ప్రత్యేకంగా చేసిన చట్టమది.

హైదరాబాద్ నగరంలో ఉండే హిజ్రాలలో పిల్లల్ని ఎత్తుకుపోతారనీ, మగపిల్లల్ని కోసి తమలాగా మారుస్తారనీ అనుమానం ఉన్నవాళ్ల పేర్లు, ఇంటి గుర్తులు ఒక రిజిస్టరులో రాసుకోవాలని అందులో ఉంది. నేరం రుజువు కానక్కర్లేదు, అనుమానం చాలు. ఫలానా మనిషి ఈ చట్టం కిందికి వస్తుందో రాదో తేల్చడానికి వైద్య పరీక్ష పెట్టారు. ఇక నాలుగో సెక్షను. రిజిస్టరులో పేరున్న మనిషి ఆడవేషంలో, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, వీధిలోకి కనబడాలని మరోచోట నిలబడినా, బహిరంగ స్థలంలో నాట్యం చేసినా, వాద్యం వాయించినా, ఏ వినోద ప్రదర్శనలో పాల్గొన్నా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

నేను శాలిబండలో పుట్టి పెరిగినదాన్ని. కాలేజీ రోజుల్లో వీధి నాటకాలు ఆడాను. డప్పు చప్పుడుకు జనం చుట్టూ మూగితే, గొంతు పోయేలా అరిచి డైలాగులు చెప్పేవాళ్లం. పోలీసులు ఎప్పుడన్నా వచ్చి ట్రాఫిక్‌కు అడ్డమని కసురుకునేవారు, అంతే. అదే వీధిలో, అదే డప్పుకు, మరో మనిషి అడుగు వేస్తే అరెస్టు చేయమని చట్టం ఉందని నాకు చాలా ఏళ్లు తెలియదు. తెలిశాక నిద్ర పట్టలేదు. నిజాం పోయాడు, పోలీసు యాక్షను అయింది, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. ఈ చట్టం మాత్రం పేరు ముందు ఆంధ్రప్రదేశ్ అనీ తర్వాత తెలంగాణ అనీ తగిలించుకుంటూ 2023 దాకా బతికే ఉంది.

ఇది నిజాం సొంత బుర్రలో పుట్టింది కాదు. ఇంగ్లీషువాళ్లు 1871లో ఉత్తరాదిలో తెచ్చిన నేరస్థ తెగల చట్టం దీనికి మూలం. ఆ చట్టంలో రెండు భాగాలు. మొదటిది సంచార జాతులను, కొన్ని గిరిజన తెగలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. రెండోది హిజ్రాలది. అందులో వీధిలో ఆడటమే కాదు, కూలి తీసుకుని ఇళ్లలో ఆడినా నేరమే. మొదటి భాగం ఏం చేసిందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఈ చట్టమే తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి ఎరుకలవాళ్ల మెడకు చుట్టుకుంది. సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన స్టువర్టుపురం సెటిల్మెంటు దాని ఫలితమే. 1952లో ఆ తెగల మీద ముద్ర చట్టపరంగా తొలగింది. హైదరాబాదు హిజ్రాల మీది ముద్ర మాత్రం మరో డెబ్బై ఏళ్లు అలాగే ఉండిపోయింది. గిరిజనులూ హిజ్రాలూ ఒకే కాగితం మీద నేరస్థులైన సంగతి మన బడి పుస్తకాల్లో రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

హిజ్రాల ఆటపాట అంటే ఏమిటో పాతబస్తీ వాళ్లకు బాగా తెలుసు. మా తమ్ముడు పుట్టినప్పుడు మా ఇంటికి బధాయికి, అంటే ఆడిపాడి బిడ్డను దీవించడానికి, వచ్చారు. డోలక్ వాయించే ఆమె గుమ్మం పక్కన కూర్చుంది. మిగిలినవాళ్లు చప్పట్లు చరుస్తూ వాకిట్లోకి వచ్చారు. పిల్లాణ్ణి ఒడిలోకి తీసుకుని, ఉయ్యాల పాట నుంచి సినిమా పాటకూ అక్కణ్ణుంచి దక్కనీ హాస్యానికీ దూకుతూ ఆడారు. మా నాయనమ్మను, మేనత్తను, చివరికి గోడ మీంచి తొంగిచూస్తున్న పక్కింటావిడను కూడా పాటలోకి లాగారు. బియ్యం, చీర, కొంత డబ్బు ఇచ్చాక పెద్దామె పిల్లాడి నుదుట చెయ్యి పెట్టి దీవించింది. బేరం దగ్గర మాటకు మాట నడిచింది, అదీ ఆటలో భాగమే. ఇప్పుడు తలుచుకుంటే, ఎదుట ఉన్న జనాన్ని బట్టి అప్పటికప్పుడు కథనం మార్చుకునే ఆ నేర్పు నేను చూసిన మంచి రంగస్థల నటులలో కూడా కొద్దిమందికే ఉంది.

ఆ నేర్పు ఊరికే రాదు. గురువు దగ్గర చేలా అయి, అదే ఇంట్లో ఉండి, వండిపెట్టి, తిట్లు తిని నేర్చుకునే విద్య. హైదరాబాదులో హిజ్రాల ఇళ్లు రెండు పెద్ద శాఖలు. మూసీకి ఇవతల పాత నగరం వాళ్లు షహర్‌వాలాలు, సికింద్రాబాద్ కంటోన్మెంటు వైపు వాళ్లు లష్కర్‌వాలాలు. గురువు, గురువుకు గురువు అయిన నానీ, తోటి చేలాలు, ఇలా వరసలుంటాయి. ఏ ఇంటివాళ్లు ఏ పేటలో బధాయికి వెళ్లాలో హద్దులుంటాయి. ఇజ్జత్ అనే మాట చుట్టూ వాళ్ల బతుకంతా తిరుగుతుందని గాయత్రి రెడ్డి అనే మానవశాస్త్రవేత్త మన నగరంలోనే వాళ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకంలో వివరించారు. ఆ పుస్తకం 2005లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వచ్చింది. కన్నవాళ్లు గెంటేస్తే వచ్చి చేరిన పిల్లలకు ఆ గురువు ఇల్లే ఇల్లు, బడి, నాటక సమాజం అన్నీ.

తెలుగువాళ్లకు ఆడవేషం కొత్తా? స్థానం నరసింహారావు గారు సత్యభామగా, మధురవాణిగా, చింతామణిగా వేదిక ఎక్కితే ఇళ్లలో ఆడవాళ్లు ఆయన చీరకట్టు చూసి నేర్చుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం చూసి మురిసిపోని ఊరు లేదు. విరాటుడి కొలువులో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పిన కథ విరాటపర్వం విన్న ప్రతి ఇంటికీ తెలుసు. వేషం తీసేసి మగవాడిగా ఇంటికి పోయే నటుడికి దండ వేశాం. మంచిపనే. అతను గొప్ప కళాకారుడు. కానీ ఆ చీర వేషం కాదు, నా బతుకే అన్న మనిషిని ఇదే హైదరాబాదులో రిజిస్టరులోకి ఎక్కించారు. ఈ రెండూ ఒకే కాలంలో జరిగాయి. మన నాటకరంగ చరిత్రలో మొదటి సగాన్నే రాసుకున్నాం.

సినిమా ఇంకా అన్యాయం చేసింది. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో హిజ్రా అంటే హీరో మీద పడి వెకిలిగా నవ్వించే పాత్ర. 2010లో వచ్చిన 'వేదం'లో కర్పూరం లాంటి పాత్ర కొంచెం మనిషిగా కనిపిస్తే దాన్ని ఇప్పటికీ గుర్తు చేసుకుంటున్నామంటే, మిగిలినవి ఎలా ఉన్నాయో అర్థం చేసుకోవచ్చు. టీవీ చానెళ్లు వచ్చాక 'హిజ్రాల ఆగడాలు' అనే స్క్రోలింగు మామూలైపోయింది. కెమెరా వాళ్ల ముఖాల మీదే ఉంటుంది, మాట మాత్రం వేరేవాళ్లది.

2015 జనవరిలో నగరంలో ఒక ట్రాన్స్ మహిళ హత్యకు గురైంది. ఆ తర్వాత హిజ్రాలు, ట్రాన్స్ మహిళలు సమితిగా కూడి రోడ్డెక్కారు. ఆ కదలికలో ముందున్న వాళ్లలో రచన ముద్రబోయిన ఒకరు. సభలో మైకు దొరికితే మాట్లాడటం, దొరక్కపోతే లేచి నిలబడి అడగటం ఆమె పద్ధతి. 2017లో ఆమె ఒక పని మొదలుపెట్టింది. ట్రాన్స్‌విజన్ అనే యూట్యూబ్ చానెల్. ట్రాన్స్ మనుషుల గురించి ట్రాన్స్ మనుషులే తయారు చేసి, తామే కెమెరా ముందు కూర్చుని మాట్లాడే కార్యక్రమం. తెలుగు, ఉర్దూ, కన్నడ, మూడు భాషల్లో.

ఈ మూడు భాషల ఎంపికే నాకు ముందు నచ్చింది. ఇంగ్లీషులో చేసి ఉంటే ఢిల్లీ, ముంబై పత్రికలు మరింత మెచ్చుకునేవేమో. మొఘల్‌పురాలో కిరాణా కొట్టు నడిపే ఆయనకు ఉర్దూలో, లాల్ దర్వాజాలో మా చెల్లికి తెలుగులో చెప్పాలనుకున్నారు. జనం వెనకాల గుసగుసగా అనుకునే మాటలే వాళ్ల విషయాలు. హిజ్రాగా పుడతారా, మారుస్తారా? పిల్లల్ని ఎత్తుకుపోతారన్నది నిజమా? పని చేసుకోకుండా ఎందుకు అడుక్కుంటారు? ఇల్లు ఎవరు అద్దెకిస్తారు? ఈ ప్రశ్నలకు డాక్టరో, వకీలో, టీవీ యాంకరో కాకుండా, ఆ బతుకు బతికినవాళ్లే చక్కగా తయారై, లైట్ల కింద కూర్చుని, కెమెరా కళ్లలోకి చూసి జవాబు చెప్పారు.

ఇక్కడ ఒక్కసారి ఆ నాలుగో సెక్షను గుర్తు చేసుకోండి. ఆడవేషంలో నగలు పెట్టుకుని జనానికి కనబడాలని నిలబడటం నేరం. వినోద ప్రదర్శనలో పాల్గొనడం నేరం. 2017లో ఆ చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది. ఆ ఆడవాళ్లు వీధికి కాదు, ఫోను ఉన్న ప్రతి మనిషికీ కనబడాలని కూర్చున్నారు. పెద్ద సెట్టు లేదు, స్టారు లేడు, పంపిణీదారు లేడు. అయినా వందేళ్లుగా ఏ పని చేయొద్దని చట్టం చెప్పిందో అదే పని చేశారు. హైదరాబాదులో తీసిన సినిమాల చరిత్ర ఎవరైనా రాస్తే అందులో ట్రాన్స్‌విజన్‌కు ఒక అధ్యాయం ఉండాలి.

మరుసటి ఏడాది మే నెల. రంజాన్ మాసం. పాలమూరు వైపు నుంచి కొందరు ట్రాన్స్ మహిళలు నాలుగు పైసలు అడుక్కుందామని పాతబస్తీకి వచ్చారు. అప్పటికి కొన్ని వారాలుగా వాట్సాప్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని పుకారు. 26వ తేదీ రాత్రి చాంద్రాయణగుట్టలో జనం వాళ్ల మీద పడ్డారు. ఒకామె చనిపోయింది. యాభై దాటిన మనిషి. నేను పుట్టిన ఇంటికి ఆ చోటు ఎంతో దూరం లేదు. అలా మీద పడ్డవాళ్లకు 1329 ఫస్లీ చట్టం గురించి ఒక్క ముక్క తెలిసి ఉండదు. కానీ ఆ చట్టంలో ఉన్న అనుమానమే వాళ్ల ఫోన్లలో ఉంది. ట్రాన్స్‌విజన్ వాళ్లు ఏ అబద్ధానికి జవాబు చెప్పడానికి కూర్చున్నారో అదే అబద్ధం ఆమెను చంపింది. ట్రాన్స్‌విజన్ వీడియోలు చూసినవాళ్ల కంటే ఆ పుకారును ముందుకు పంపినవాళ్లే ఎక్కువ. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

ఆ 2018లోనే వైజయంతి వసంత మొగ్లి హైకోర్టు మెట్లెక్కారు. ఆమె ట్రాన్స్ మహిళ, సమాచార హక్కు మీద పట్టున్న కార్యకర్త, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ హైదరాబాదు ప్రాంగణంలో ప్రజా విధానాలు చదివారు. యూనక్స్ చట్టాన్ని కొట్టేయమని ప్రజాహిత వ్యాజ్యం వేశారు. కోర్టు మొదట దాని అమలును నిలిపింది. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం ఆ చట్టం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని కొట్టేసింది. ఒక వర్గం మొత్తాన్ని నేరస్థులుగా చూడటం వాళ్ల గౌరవానికీ, వ్యక్తిగత గోప్యతకూ భంగమని చెప్పింది. ట్రాన్స్‌జెండర్లకు చదువులో, కొలువుల్లో రిజర్వేషన్లు, ఆసరా పింఛను ఇచ్చే దిశగా చర్యలు తీసుకోమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. తీర్పు వచ్చింది 1919లో కట్టడం పూర్తయిన ఆ ఎర్రరాతి హైకోర్టు నుంచే.

కళను నేరం చేసిన చట్టానికి కళతోనే జవాబు చెప్పడం ఒక్క మన ఊళ్లోనే జరిగింది కాదు. 1871 చట్టం మొదటి భాగం ముద్ర వేసిన తెగల్లో అహ్మదాబాదు ఛారాలు ఉన్నారు. వాళ్ల ఛారానగర్‌లో 1998లో బుధన్ థియేటర్ పుట్టింది. బెంగాల్‌లోని పురూలియాలో పోలీసుల చేతిలో చనిపోయిన బుధన్ శబర్ అనే గిరిజనుడి పేరు పెట్టుకున్నారు. అందులో ఎదిగిన దక్షిణ్ బజరంగే నాటకకర్త, సినిమా దర్శకుడు కూడా. కెనడాలో ఆదివాసుల పోట్‌లాచ్ వేడుకను, అంటే విందు, దానం, నాట్యం కలిసిన పెద్ద క్రతువును, 1885 నుంచి 1951 దాకా చట్టం నిషేధించింది. ఆ దేశంలోని సిక్స్ నేషన్స్ ఆదివాసీ సమాజం నుంచి వచ్చిన ట్రాన్స్ మహిళ అయ్యానా మారకిల్ రంగస్థలం మీద, ప్రదర్శన కళలో తన ముద్ర వేసి 2016లో కన్నుమూశారు.

మనకు దగ్గరగా చెన్నైలో ట్రాన్స్ మహిళ లివింగ్ స్మైల్ విద్య అదే పని చేసింది. దళిత కుటుంబంలో పుట్టి, తంజావూరు తమిళ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివి, రైళ్లలో చెయ్యి చాచి, ఆపరేషను చేయించుకుని, ఉద్యోగం సంపాదించి, ఆ కథంతా 2007లో తమిళంలో పుస్తకంగా రాసింది. తమిళ సినిమాల్లో సహాయ దర్శకురాలిగా పనిచేసింది. 2014లో ఏంజెల్ గ్లాడీ, గీ ఇమాన్ సెమ్మలర్‌తో కలిసి పన్మై అనే నాటక సంస్థ పెట్టింది. తమ కథను తామే రాసుకుని, తామే ఆడారు. ఆమె పుస్తకం ఆధారంగా 2015లో 'నాను అవనల్ల అవళు' అనే కన్నడ సినిమా వచ్చింది. ఆ పాత్ర వేసిన సంచారి విజయ్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. ఆయన బాగా నటించారు, సందేహం లేదు. అయినా బతుకు ఆమెది, తెర మీది ముఖం మగవాడిది అన్నది నన్ను తొలుస్తూనే ఉంటుంది.

తెలుగులో చదవాలనుకునేవాళ్లకు ఒక మంచి దారి ఉంది. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా అనువదించారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. 2019 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం ఆ పుస్తకానికే. రేవతి కూడా తన కథను రంగస్థలం మీద ఒంటరిగా నటించి చెప్పినవారే.

మార్పు లేదని నేను అనను. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పుతో ట్రాన్స్‌జెండర్లను గుర్తించింది. 2022లో హైకోర్టుకు ఎదురుగా మూసీ అవతల ఉన్న ఉస్మానియా ఆసుపత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ ప్రభుత్వ డాక్టర్లుగా చేరారు. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లు నగరంలో ట్రాఫిక్ అసిస్టెంట్లయ్యారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'ఇతరులు'గా నమోదైనవాళ్లు 43,769 మంది. ఆ సంఖ్యతో పోలిస్తే ఈ కొలువులు చాలా తక్కువ. రంగస్థలం మీదైతే మరీ తక్కువ.

అందుకే నాటక పరిషత్తులు నడిపే పెద్దలకు, సినిమా తీసేవాళ్లకు నా విన్నపం ఒకటే. మీ కథలో ట్రాన్స్ పాత్ర ఉంటే ఆ పాత్రకు ట్రాన్స్ నటిని పిలవండి. డైలాగులు రాసే గదిలో ఆమెకు కుర్చీ వేయండి, పనికి తగ్గ డబ్బు ఇవ్వండి. మీ పోటీల్లో వాళ్లు రాసి, వాళ్లు ఆడే నాటకానికి ఒక సాయంత్రం కేటాయించండి. పాతబస్తీలో డోలక్ పట్టి పెరిగిన నటులు ఉన్నారు. వాళ్లను వేదిక ఎక్కకుండా ఆపే చట్టం 2023 జూలై 6తో పోయింది.